మతేరా: రాతిని తొలిచి కట్టిన ఊరు

మతేరాలో ఇల్లు కట్టాలంటే ముందు తవ్వాలి. కొండవాలులో మెత్తటి సున్నపురాతిని తొలుచుకుంటూ లోపలికి వెళ్తారు. తొలిచిన చోటు గది అవుతుంది. ఊడివచ్చిన రాతిని దిమ్మెలుగా చెక్కి, గుహ ముందు గోడలు లేపి, పైన కమాను కడతారు. అది ముందుగది. ఆ ముందుగది కప్పు మీదుగానే పై వరుస ఇళ్లకు బాట సాగుతుంది. ఒకరి నెత్తిమీది కప్పు ఇంకొకరి వాకిలి. ఇలా వందల ఏళ్లు తవ్వుతూ, కడుతూ పోగా, లోయ అంచు మొత్తం బొమ్మల కొలువు మెట్లలా వరుస మీద వరుసగా ఇళ్లతో నిండిపోయింది. దక్షిణ ఇటలీలోని ఈ గుహల పేటలను అక్కడివాళ్లు సస్సీ అంటారు. రాళ్లు అని అర్థం.

ఈ పేటలను ఖాళీ చేయించడానికి 1952లో ఇటలీ ప్రభుత్వం ప్రత్యేక చట్టం తెచ్చింది. అక్కడ మనుషులు బతకడం దేశానికి సిగ్గుచేటని అప్పటి నాయకులు అన్నారు. 1993లో యునెస్కో ఆ పేటలనే ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించింది. రాయి అదే, ఇళ్లూ అవే. మధ్యలో గడిచిన 41 ఏళ్లలో ఏం జరిగిందో తెలుసుకుంటే ఒక సంగతి బోధపడుతుంది. పేదరికాన్ని చూసి ఒక సంస్కృతినే తీసిపారేయడం ఎంత తేలికో, తర్వాత ఆ సంస్కృతిని మెచ్చుకుంటూ దాన్ని మోసిన మనుషులను మరిచిపోవడం కూడా అంతే తేలిక.

లోయ అంచున

ఇటలీ పటం బూటులా ఉంటుందని చిన్నప్పుడు చదువుకున్నాం. ఆ బూటు మడమకూ మునివేళ్లకూ నడుమ, పాదం ఒంపు దగ్గర ఉన్న ప్రాంతం బాసిలికాతా. పాతపేరు లుకానియా. దాని తూర్పు కొసన, పక్క ప్రాంతమైన పూల్యా సరిహద్దుకు దగ్గరగా ఉంది మతేరా. జనాభా సుమారు 60 వేలు. ఊరి పక్కనే గ్రవీనా అనే వాగు రాతినేలను నిలువునా కోసి లోతైన లోయ చేసింది. లోయకు అవతల ముర్జా పీఠభూమి. అక్కడ పాతరాతియుగం మనుషులు తలదాచుకున్న గుహలూ, చుట్టూ కందకాలు తవ్వుకున్న నవీన శిలాయుగపు పల్లెల ఆనవాళ్లూ ఉన్నాయి. ఊరివాడే అయిన వైద్యుడు దొమెనికో రీదోలా వాటిని వెతికి, తవ్వి, దొరికినవన్నీ పోగుచేసి ప్రభుత్వానికి అప్పగించారు. 1911లో ఏర్పడిన పురావస్తు మ్యూజియం ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.

ఊరిలో ఎత్తైన దిబ్బ పేరు చివిత. దాని మీద 13వ శతాబ్దపు కెథెడ్రల్ ఉంది. దిబ్బకు ఒక పక్క సస్సో కవేయోజో, మరో పక్క సస్సో బరిసానో అనే రెండు గుహల పేటలు. వాటికి పైన చదునైన నేల మీద ధనికుల మేడలు, చర్చిలు, బజార్లు వెలిశాయి. దాన్ని పియానో అంటారు. పైనున్న వీధిలో నిలబడితే కింద సస్సీ కనిపించకుండా మేడలు అడ్డంగా కట్టిన చోట్లు ఉన్నాయి. కింద బతికేవాళ్లు, పైన బతికేవాళ్లు అన్న తేడా ఈ ఊరి కట్టడంలోనే ఉంది.

వాన చుక్కను వదలని తెలివి

ఈ నేలలో నీరు నిలవదు. వాగు లోయ అడుగున ఎక్కడో పారుతుంది. వాన పడేది తక్కువ, పడితే ఒక్కసారిగా కురిసి జారిపోతుంది. అందుకే మతేరా ప్రజలు ఇంటికంటే ముందు నీటి సంగతి ఆలోచించారు. కప్పుల మీద పడిన వాన కాలువల గుండా, మట్టి గొట్టాల గుండా దిగి, ప్రతి ముంగిట కింద గంట ఆకారంలో తొలిచిన గోతిలో చేరుతుంది. రాయి నీటిని పీల్చేయకుండా గోడలకు సున్నంలో పెంకుల పొడి కలిపిన గచ్చు పూసేవారు. ఒక గొయ్యి నిండితే మిగులు నీరు దిగువనున్న గోతికి పోయే ఏర్పాటు కూడా ఉండేది.

వీటన్నింటికీ పెద్దన్న పలొంబారో లుంగో. ఊరి నడిబొడ్డున విత్తోరియో వేనెతో కూడలి కింద ఉన్న ఈ భూగర్భ జలాశయంలో దాదాపు 50 లక్షల లీటర్ల నీరు పడుతుంది. 16వ శతాబ్దం నుంచి కొంచెం కొంచెంగా తొలుస్తూ, పాత గుహలను కలుపుతూ దీన్ని పెంచారు. లోపల రాతి స్తంభాలు మేడంత ఎత్తున ఉంటాయి. 20వ శతాబ్దం తొలినాళ్లలో పూల్యా నుంచి కుళాయి నీళ్లు వచ్చాక జనం దీన్ని మరిచిపోయారు. 1991లో కూడలి పనులు చేస్తున్నప్పుడు మళ్లీ బయటపడింది.

గుహల తవ్వకంలోనూ లెక్క ఉంది. చాలా గుహలు లోపలికి పోయేకొద్దీ కిందికి వాలుతాయి. చలికాలంలో సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి ఎండ లోపలి గోడ దాకా పోతుంది. వేసవిలో నడినెత్తిన ఉంటాడు కాబట్టి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. యునెస్కోకు ప్రతిపాదన రాసిన వాస్తుశిల్పి పియెత్రో లవురేయానో ముఖ్యంగా ఎత్తిచూపింది ఈ తెలివినే. మతేరాను ఆయన పేదల గుహలుగా చూడలేదు. కరువునేలలో నీటినీ ఎండనూ వాడుకున్న గొప్ప ఇంజినీరింగ్‌గా చూశారు.

గుహల్లో బొమ్మలు

మతేరా చుట్టుపక్కల రాతిలో తొలిచిన చర్చిలు నూటయాభైకి పైగా ఉన్నాయి. లాటిన్ సంప్రదాయంలోని బెనెడిక్టిన్ సన్యాసులూ, బైజాంటియమ్ వైపు నుంచి వచ్చిన గ్రీకు సంప్రదాయమూ ఒకే కొండలో పక్కపక్కనే నిలిచాయి. అందుకే ఒక గోడ మీద లాటిన్ రాత, ఇంకో గోడ మీద గ్రీకు తీరు బొమ్మ కనిపిస్తాయి.

వీటిలో మకుటం అనదగింది ఊరికి కొన్ని మైళ్ల దూరంలో, లోయ గోడకు ఉన్న ఆదిపాపపు గుహ. 8, 9 శతాబ్దాల నాటి చిత్రాలు అందులో ఉన్నాయి. వెలుగు, చీకటి మనుషుల రూపంలో నిలబడి ఉంటాయి. ఆదాము పక్కటెముక నుంచి హవ్వ పుట్టుకొస్తుంది. నిషిద్ధ ఫలం ఇక్కడ ఆపిల్ కాదు, అంజూర. తెల్లటి నేపథ్యం మీద ఎర్రటి పూలు చల్లినట్టు వేయడం వల్ల పేరు తెలియని ఆ చిత్రకారుణ్ని పండితులు పూల చిత్రకారుడు అని పిలుస్తున్నారు. శతాబ్దాల పాటు గొర్రెలకాపరులు ఆ గుహలో మందలను తోలి వానకు ఆగేవారు. గోడల మీది బొమ్మలను చూసి దాన్ని నూరుగురు సాధువుల గుహ అనేవారు. ఆ మాటను పట్టుకుని వెతికిన ఊరి యువకులు 1963లో దాన్ని కనుగొన్నారు.

తిరగబడ్డ ఊరు

సస్సీ జనం అణిగిమణిగి మాత్రమే బతికారనుకుంటే పొరపాటు. 15వ శతాబ్దం చివర్లో నేపుల్స్ రాజు ఈ ఊరిని జాన్ కార్లో త్రమొంతానో అనే వ్యక్తికి కట్టబెట్టాడు. కొత్త కౌంటు ఊరికి ఎగువన కోట మొదలుపెట్టి, తన అప్పులు తీర్చుకోవడానికి పన్నుల మీద పన్నులు వేశాడు. 1514 డిసెంబర్ 29న కెథెడ్రల్ నుంచి బయటికి వస్తుండగా జనం అతణ్ని చంపేశారు. ఆ చోటున ఉన్న సందును విమోచన వీధి అని ఇప్పటికీ పిలుస్తారు. కోట ఆగిపోయింది. మూడు బురుజులు మాత్రం అసంపూర్తిగా నిలిచి ఉన్నాయి.

1663లో మతేరా బాసిలికాతాకు రాజధాని అయింది. చర్చిల ముంగిళ్లు, సెమినరీ భవనం, మేడలు ఆ కాలంలో లేచాయి. 1806లో నెపోలియన్ అన్న జోసెఫ్ బొనపార్ట్ రాజధానిని పొతెంజాకు మార్చాడు. మతేరా కష్టాలకు అదొక మలుపు. మరో శతాబ్దానికి పైగా గడిచాక, రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 సెప్టెంబర్ 21న జర్మన్ సైన్యం మీద తిరగబడింది కూడా ఈ ఊరే. దక్షిణ ఇటలీలో అలా లేచిన తొలి ఊళ్లలో ఇదొకటి. వెనుదిరుగుతూ జర్మన్లు బందీలు ఉన్న భవనాన్ని పేల్చేశారు.

బావి చుట్టూ బతుకు

సస్సీలో ఇల్లు ఒంటరిగా ఉండదు. నాలుగైదు, ఒక్కోసారి పది గుహలు ఒకే ముంగిలిలోకి తెరుచుకుంటాయి. మధ్యలో బావి. దీన్ని విచినాతో అంటారు. ఆడవాళ్లు అక్కడే బట్టలు ఉతికేవారు, నూలు వడికేవారు. ఒకరి బిడ్డను ఇంకొకరు చూసేవారు. పెళ్లికీ చావుకూ ముంగిలి మొత్తం కదిలేది. అప్పులూ చేబదుళ్లూ తగవులూ అక్కడే పుట్టి అక్కడే తీరేవి.

రొట్టె కూడా ఉమ్మడి వ్యవహారమే. ఇంట్లో పిండి పిసికి, వీధి పొయ్యికి పంపేవారు. ఎవరి రొట్టె ఎవరిదో తెలియడానికి చెక్కతో చేసిన ముద్ర వేసేవారు. ఇంటిపెద్ద పేరులోని తొలి అక్షరాలు దాని మీద చెక్కి ఉండేవి. పొలాల దగ్గర తీరిక వేళల్లో కాపరులు ఈ ముద్రలను చెక్కేవారు. దురుమ్ గోధుమ రవ్వతో, పులిసిన పిండి ముద్దతో చేసే ఆ రొట్టె పైన గట్టిగా పెళుసుగా, లోపల పసుపుగా ఉండి రోజుల తరబడి నిలవ ఉంటుంది. పొలం దూరం, రైతు రోజూ ఇంటికి రాలేడు. అందుకే అలాంటి రొట్టె కావాలి. మతేరా రొట్టెకు 2008లో ఐరోపా భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆగస్టు 1న కొత్త పంట చేతికొచ్చిన సంతోషంతో ముంగిలివాళ్లంతా తలా పిడికెడు గోధుమలు, శనగలు, చిక్కుళ్లు తెచ్చి ఒకే కుండలో ఉడికించుకునేవారు. ఆ వంట పేరు క్రపియాతా.

బతుకు చితికిన తీరు

ఇంత తెలివైన ఊరు సిగ్గుచేటుగా ఎలా మారింది? రాజధాని పోయింది. 19వ శతాబ్దంలో భూస్వామ్య చట్టాలు రద్దయినా, ఉమ్మడి మేత భూములు, చర్చి భూములు చాలావరకు పైవీధి వాళ్ల చేతుల్లోకే వెళ్లాయి. గొర్రెల పెంపకం మీద నడిచిన బతుకు దెబ్బతింది. జనాభా పెరిగింది, కొత్తగా ఇల్లు కట్టే స్తోమత ఎవరికీ లేదు. దాంతో పశువుల కొట్టాలు ఇళ్లయ్యాయి. నీటి గోతులను ఎండబెట్టి అందులో మంచాలు వేసుకున్నారు. గాలీ వెలుతురూ గుమ్మం నుంచి తప్ప రాని గదిలో తల్లిదండ్రులు, అరడజను పిల్లలు, మంచం కింద కోళ్లు, గది చివర కంచరగాడిద. అది పోతే బతుకే పోతుంది కాబట్టి దాన్ని లోపలే కట్టుకున్నారు. ఊరి మురికినీటిని మోసే రెండు వాగులను ముస్సోలినీ కాలంలో కప్పేసి రోడ్లు వేశారు. వందల ఏళ్ల నీటి ఏర్పాటు అలా తెగిపోయింది. 1950 నాటికి సస్సీలో 15 వేల మందికి పైగా ఉన్నారు. ఊరి జనాభాలో సగం.

ఈ సంగతి ప్రపంచానికి చెప్పినవాడు కార్లో లేవి. తూరిన్ నగరానికి చెందిన యూదుడు. వైద్యం చదివి చిత్రకారుడయ్యాడు. ఫాసిస్టు ప్రభుత్వాన్ని వ్యతిరేకించినందుకు 1935లో ఆయన్ను బాసిలికాతాకు ప్రవాసం పంపారు. ఎక్కువ కాలం గడిపింది మతేరా జిల్లాలోని అలియానో అనే మారుమూల పల్లెలో. ఆ అనుభవంతో రాసిన ‘క్రీస్తు ఎబోలిలోనే ఆగిపోయాడు’ 1945లో వెలువడింది. రోడ్డూ రైలూ ఎబోలి పట్టణం దగ్గరే పక్కకు తిరిగిపోతాయి, దేవుడు కూడా తమ దాకా రాలేదు అని రైతులు అనుకునే మాట అది. లేవి అక్క లుయీజా డాక్టరు. తమ్ముణ్ని చూడడానికి వస్తూ, మరిచిపోయిన స్టెతస్కోప్ కొనుక్కుందామని మతేరాలో ఆగింది. చిన్నప్పుడు బడిలో ఊహించుకున్న దాంతే నరకంలా ఆ పేటలు కనిపించాయని, ట్రకోమాతో కళ్లు వాచిన పిల్లలు, మలేరియాతో వణికే పిల్లలు వెంటపడి డబ్బు కాకుండా క్వినైన్ అడిగారని ఆమె చెప్పిన వైనం ఆ పుస్తకంలో ఉంది. చదివినవాళ్లెవరికీ ఆ పేజీలు మరపురావు.

చట్టం, మూటాముల్లె

1948లో కమ్యూనిస్టు నాయకుడు పాల్మీరో తొల్యాత్తి, 1950 జూలైలో ప్రధాని అల్చీదె డి గాస్పెరి మతేరా వచ్చి చూశారు. రాజకీయంగా ఉప్పూనిప్పూ అయిన ఇద్దరూ ఈ విషయంలో ఒక్కమాట మీదికి వచ్చారు. 1952 మే 17న 619 నంబరు చట్టం వచ్చింది. కుటుంబాలను కొత్త ఇళ్లకు తరలించి, ఉండడానికి పనికిరాని గుహలను మూసేయాలన్నది దాని సారాంశం.

మొదటి ప్రయత్నం చాలా మంచి మనసుతో జరిగింది. టైప్‌రైటర్ల కంపెనీ అధిపతి అద్రియానో ఒలివెట్టి చొరవతో, ఫ్రెడరిక్ ఫ్రీడ్‌మన్ అనే తత్త్వశాస్త్ర అధ్యాపకుడు, తుల్లియో తెంతోరి అనే మానవశాస్త్రవేత్త, డాక్టర్ రొక్కో మజ్జరోనే వంటివాళ్లు సస్సీలో తిరిగి ముంగిలి బతుకును అధ్యయనం చేశారు. వాస్తుశిల్పి లుదొవీకో క్వరోని బృందం ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరంలో లా మార్తెల్లా అనే కొత్త పల్లెను గీసింది. వీధులు నేల ఒంపును బట్టి తిరుగుతాయి. ప్రతి ఇంటికీ పశువుల కొట్టం ఉంటుంది, మనుషుల గదులకు వేరుగా. 1953లో మొదటి కుటుంబాలు అక్కడికి చేరాయి. తర్వాత సెర్రా వెనెర్ది, స్పీనె బియాంకె, లనేరా పేటలు లేచాయి.

కుళాయి, మరుగుదొడ్డి, కిటికీ, పిల్లలకు ఎండ దక్కాయి. ఇవి చిన్న విషయాలు కావు. ఆ చట్టాన్ని తప్పుపట్టేవాళ్లు ఈ మాట మరిచిపోకూడదు. కానీ లా మార్తెల్లాలో ఇచ్చిన భూమి కుటుంబాన్ని పోషించేంత లేదు. ఊరు దూరమైంది. పక్కపక్కనే పెరిగిన కుటుంబాలు వేర్వేరు పేటలకు చెల్లాచెదురయ్యాయి. ఎందరో ఉత్తరాది ఫ్యాక్టరీలకు, జర్మనీకి వలసపోయారు. గుహలకు తిరిగి రాకుండా గుమ్మాలను రాళ్లతో మూసేశారు. అరవైల చివరికి సగం ఊరు నిర్మానుష్యమైంది.

ఊరి కుర్రాళ్లు తిరిగి చూశారు

ఖాళీ పేటలను ఏం చేయాలి? కూల్చేయాలనీ, అలాగే వదిలేయాలనీ వాదనలు నడిచాయి. 1959లో ఊరి యువకులు కొందరు లా స్కలెత్తా అనే సంఘం పెట్టుకున్నారు. గుహ చర్చిలను ఒక్కొక్కటిగా వెతికి, కొలిచి, జాబితా రాశారు. 1966లో దాన్ని పుస్తకంగా తెచ్చారు. ఆదిపాపపు గుహను కనుగొన్నది వీళ్లే. బయటివాళ్లు సిగ్గు అని ముద్ర వేసిన చోట వీళ్లు తాతల చేతిపని చూశారు. ఈ ఊరి చరిత్రలో అసలు మలుపు నా దృష్టిలో ఇదే.

1964లో దర్శకుడు పియెర్ పావొలో పసోలిని మత్తయి సువార్త ఆధారంగా తీసిన చిత్రానికి మతేరానే జెరూసలేం చేశాడు. ఊరివాళ్లే జనసమూహాలుగా నటించారు. ఆయన తల్లి సుజాన్నా వృద్ధ మరియగా కనిపిస్తుంది. దశాబ్దాల తర్వాత మెల్ గిబ్సన్ తన క్రీస్తు సినిమాకూ, జేమ్స్‌బాండ్ బృందం కారు వెంటాటకూ ఇక్కడికే వచ్చారు.

1986లో 771 నంబరు చట్టంతో ప్రభుత్వం పునరుద్ధరణకు 10,000 కోట్ల లీరాలు కేటాయించింది. సర్కారు చేతిలో ఉన్న గుహలను దీర్ఘకాలిక ఒప్పందాలతో మరమ్మతు చేసి వాడుకునేందుకు మునిసిపాలిటీ ద్వారా వీలు కల్పించారు. యువ దంపతులు, వడ్రంగులు, కళాకారులు మెల్లగా తిరిగి దిగారు. 1993లో యునెస్కో గుర్తింపు, 2014లో ఐరోపా సాంస్కృతిక రాజధానిగా ఎంపిక, 2019లో ఏడాది పొడవునా ఉత్సవాలు. అప్పటికీ జాతీయ రైల్వే లైను ఈ జిల్లా కేంద్రానికి చేరలేదు. బారి నగరం నుంచి వచ్చే నారో గేజి బండే దిక్కు.

జూలై 2

సస్సీ ఖాళీ అయినా తెగని దారం ఒకటుంది. 1389 నాటి నుంచి వస్తోందని ఊరు నమ్మే మదొన్నా దెల్లా బ్రూనా పండుగ అది. జూలై 2న తెల్లవారకముందే కాపరుల ఊరేగింపు బయల్దేరుతుంది. సాయంత్రం కాగితపు గుజ్జుతో నెలల తరబడి తీర్చిన రథం మీద మరియమాత విగ్రహం, ముందు అలంకరించిన గుర్రాల మీద రౌతులు. కెథెడ్రల్ ముందు మూడు చుట్లు తిరిగాక విగ్రహాన్ని దింపి లోపలికి తీసుకెళ్తారు. ఖాళీ రథం కూడలికి చేరగానే జనం మీదపడి ముక్కలు ముక్కలుగా పీక్కుంటారు. దొరికిన చేయో రెక్కో తలో ఇంటికి తీసుకెళ్తే ఏడాదంతా శుభమని నమ్మకం. మర్నాటి నుంచి వచ్చే ఏడాది రథం ఆలోచన మొదలవుతుంది. లా మార్తెల్లా వాళ్లు, సెర్రా వెనెర్ది వాళ్లు, వలసపోయి సెలవులకు వచ్చినవాళ్లు ఆ రోజు ఒక్క ఊరివాళ్లు అవుతారు.

ఎవరి వారసత్వం?

ఇప్పుడు సస్సీలో ఎన్నో గుహలు హోటళ్లు, బస గదులు, భోజనశాలలు అయ్యాయి. పన్నెండు మంది కిక్కిరిసి పడుకున్న గదిలో ఒక రాత్రి గడపడానికి దూరదేశాల వాళ్లు పెద్ద మొత్తాలు చెల్లిస్తున్నారు. ఊరికి పని దొరికింది, మంచిదే. రాళ్లు కూలకుండా నిలిచాయి, అంతకన్నా మంచిది. కానీ ఇళ్లు వదిలి వెళ్లిన కుటుంబాల్లో ఎక్కువ మంది తిరిగి రాలేదు. ముంగిలి మిగిలింది, ముంగిలి బతుకు పోయింది. 1952లో పాలకులు మనుషులను కాపాడాలని ఊరిని మూసేశారు. ఇప్పటి వ్యాపారం ఊరిని కాపాడుతూ మనుషులకు చోటు మిగల్చకుండా పోయే ప్రమాదం ఉంది. రెండూ అర్ధసత్యాలే. సిగ్గుపడాల్సింది పేదరికానికి, దాన్ని అలా పెరగనిచ్చిన భూమి పంపకానికి. గుహకు కాదు. గర్వపడాల్సింది రాతిని చూసి మాత్రమే కాదు, ఆ రాతిలో వాన చుక్కను దాచి, రొట్టెను పంచుకుని బతికిన మనుషులను చూసి.

మతేరా వెళ్లే అవకాశం వస్తే లోయ అంచున ఫొటో దిగి తిరిగి రాకండి. లన్‌ఫ్రాంకి భవనంలో కార్లో లేవి 1961లో గీసిన ‘లుకానియా 61’ ఉంది. పద్దెనిమిది మీటర్లకు పైగా పొడవున్న ఆ చిత్రం నడుమ, 23వ ఏటనే త్రికారికో పట్టణానికి మేయరై, 30 ఏళ్లకే కన్నుమూసిన రైతు కవి రొక్కో స్కొతెల్లారో కనిపిస్తాడు. చుట్టూ ఈ నేల జనం. కాసేపు ఆ ముఖాల ముందు నిలబడండి. తర్వాత బస్సెక్కి లా మార్తెల్లా కూడా చూసి రండి. మతేరా కథలో సగం అక్కడే ఉంది.